పీకినవాళ్లదే పత్తికట్టె

మా ఊరి నీళ్ల ట్యాంకు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాని గోడకు నల్లరాతి పలక బిగించారు. పలక మీద పదకొండు పేర్లు చెక్కించారు. ప్రారంభించిన ఎమ్మెల్యే గారు, అధ్యక్షత వహించిన సర్పంచ్ గారు, అతిథులు, మెంబర్లు, చివర్లో షెడ్డుకు రేకులు వేయించిన కాంట్రాక్టరు. నా పేరు లేదు. అప్పుడు నేను ఆ వార్డుకు మెంబర్ని. షెడ్డు నా వార్డులోనే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఉంది. ఇన్నేళ్లు గడిచినా ఆ పక్కగా వెళ్లినప్పుడల్లా పలక వైపు చూస్తాను. పదకొండూ చదువుతాను. ఎవరైనా కొత్తగా చేర్చారేమోనని కాదు, నాకు అదో అలవాటు.

సంగతి అర్థం కావాలంటే ముందు పత్తికట్టె గురించి చెప్పాలి. మాది సత్తెనపల్లి దగ్గర నల్లరేగడి. పత్తి, మిరప తప్ప ఇంకోటి పెద్దగా వేయరు. పత్తి చివరి తీత అయిపోయాక చేలో ఎండిన మోళ్లు నిలబడి ఉంటాయి. వాటిని పీకితే గానీ చేను దున్నడానికి రాదు. మా ఊళ్లో ఆ పనికి కూలి ఇవ్వరు. ఆడవాళ్లు వెళ్లి పీకుతారు, పీకిన కట్టెను మోపులు కట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. రైతుకు చేను ఖాళీ అవుతుంది, ఆడవాళ్లకు వానాకాలం దాకా పొయ్యిలోకి కట్టె దొరుకుతుంది. ఈ ఏర్పాటు ఎక్కడా రాసి లేదు. పత్తి మా ఊరికి వచ్చినప్పటి నుంచీ అంతే. నేనూ పీకాను. మాకు ఉన్న రెండెకరాలు చాలక నేను కూలికి కూడా వెళ్లేదాన్ని. అరచేతులకు పాత చీర పేలికలు చుట్టుకుని పీకినా సాయంత్రానికి బొబ్బలు లేచేవి. అన్నం కలుపుకోవాలంటే చెంచా కావలసివచ్చేది.

ఇక నీళ్లు. ట్యాంకు నింపే బోరుకు కరెంటు మోటారు ఉండేది. తొంభైల చివర్లో కరెంటు రోజుకు రెండు విడతలుగా వచ్చేది. మా ఊరికి పొద్దున విడత తొమ్మిదింటికో పదింటికో వచ్చేది. అప్పటికి ఆడవాళ్లందరం మిరపకాయ కోతల్లో ఉండేవాళ్లం. కుళాయిల దగ్గర బిందెలు మాత్రం వరసలో ఉండేవి. సాయంత్రం వచ్చి చూస్తే ఎవరి బిందెలో నీళ్లుంటాయో, ఎవరి బిందె వరసలోంచి బయటికి దొర్లి ఉంటుందో ఆ రోజు అదృష్టం. పంచాయతీకి డీజిల్ ఇంజన్ ఒకటి ఉండేది. దానికి డీజిల్ పోసేది పెద్ద ఆఫీసర్లు ఊరికి వచ్చినప్పుడే. సర్పంచ్ గారి ఇంట్లో, ఇంకో నాలుగైదు పెద్ద ఇళ్లల్లో సొంత బోర్లు ఉండేవి. ట్యాంకు నిండినా ఎండినా వాళ్లకు ఒకటే.

సర్పంచ్ నాకు వరసకు బాబాయి. వరస బంధువుల పెళ్లిళ్లలో బాగానే ఉండేది. పంచాయతీ ఆఫీసులో ఉండేది కాదు. మొదటి మీటింగు రోజు నేను లోపలికి అడుగుపెట్టగానే, "మీ ఆయన్ని పంపించలేకపోయావా అమ్మాయ్, సంతకం పెట్టి వెళ్లేవాడు" అన్నాడు. "ఓట్లు మా ఆయనకు పడలేదు బాబాయ్" అన్నాను. ఆఫీసులో ఎనిమిది కుర్చీలు ఉండేవి. అవి ఎనిమిది మందికి సరిపోయేవి. నేను బీరువా పక్కన నిలబడేదాన్ని. అయిదేళ్లలో నాకు కుర్చీ లేని మీటింగులు ఎన్నో నాకు లెక్క తెలుసు, చెబితే మీకు విసుగు పుడుతుంది.

ఒకరోజు గుంటూరు నుంచి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే సార్ ఒకాయన వచ్చారు. చంకలో చుట్టిన బొమ్మల కాగితాలు, చెప్పులకు మా ఊరి బురద.

"కొత్త ఇంజన్ కొనక్కర్లేదండి. మీ పాత డీజిల్ ఇంజనే చాలు" అని ఆయన బల్ల మీద బొమ్మ పరిచారు. "పక్కన ఈ డ్రమ్ము పెడతాం. ఇందులో కట్టె ముక్కలు వేసి మూత బిగిస్తాం. గాలి చాలక కట్టె మండదు, కుములుతుంది. దాన్లోంచి వచ్చే గ్యాసుని ఇంజన్‌లోకి పంపిస్తాం. డీజిల్ కొంచెం పడితే చాలు. కరెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు."

"కట్టె అంటే ఏ కట్టె?" అన్నాడు బాబాయి.

"పత్తికట్టె భేషుగ్గా పనికొస్తుంది."

గది నిండా నవ్వులు. మా పక్క చేను ఆసామి, నాకు బావ వరస, అందరికంటే గట్టిగా నవ్వాడు. "పత్తికట్టా సారూ? చేల నిండా అదేగా. ఎన్ని బండ్లు కావాలో చెప్పండి, ఊరికే తోలిస్తాం." ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. ఊరి కోసం కట్టె ఉచితంగా ఇస్తామని ఎనిమిది మందీ ఒప్పుకున్నారు.

బీరువా పక్కనుంచి నేను అన్నాను: "ఆ కట్టె మీది కాదు బావా. పీకినవాళ్లది."

"చేను నాది, మొక్క నాది, పత్తి నాది. కట్టె ఒక్కటి ఇంకోళ్లదెట్టా అయింది?"

"పత్తి తీసినందుకు కూలి ఇచ్చావు. మోడు పీకినందుకు ఎప్పుడన్నా ఇచ్చావా?"

బాబాయి సార్ వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "అమ్మాయ్, సార్ ముందు ఊరి పరువు తీయమాక. పోయి కాఫీ సంగతి చూడు."

నేను కదల్లేదు. కాఫీ రాలేదు. ఆ రోజు సార్ కాఫీ తాగకుండానే గుంటూరు బస్సెక్కారు. ఊరికి వచ్చిన పెద్దమనిషికి కాఫీ కూడా ఇవ్వలేదన్న మాట తర్వాత నా మీదే పడింది. తీర్మానం మీద మాత్రం నేనూ సంతకం పెట్టాను. యంత్రం నాకూ కావాలి. కోతకు వెళ్లేముందు బిందె నిండాలంటే అప్పటికి నాకు కనపడిన దారి అదొక్కటే.

షెడ్డు లేచి, డ్రమ్ము బిగించి, రంగు ఆరేసరికి వేసవి వచ్చింది. అప్పటికి చేలన్నీ దున్నేశారు. పత్తికట్టె అంతా మా వీధుల్లో, ఇంటింటి పక్కన కుప్పలుగా ఉంది. ఎమ్మెల్యే గారు రావడానికి రెండు రోజుల ముందు బాబాయికి ఆ సంగతి తెలిసింది. తన దగ్గర పనిచేసే మనిషిని మా వీధికి పంపించాడు.

"సర్పంచ్ గారు రెండు బండ్ల కట్టె పంపమన్నారు" అన్నాడు వాడు.

మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. మా కూలి జట్టుకు ముందు నడిచేది, నోట్లో మాట ఆగేది కాదు. అరుగు మీద కూర్చుని ఆకు వక్క వేసుకుంటూ అంది: "మా పొయ్యిలో కట్టె లాగి మీ ఇంజన్లో పెట్టాలా? మేం పచ్చి బియ్యం నమలాలా? కావాలంటే ఆయన్నే వచ్చి అడగమను."

బాబాయి వచ్చి అడగలేదు. వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేవాళ్లం. ఆయన రెండు బండ్ల మిరప కట్టె తోలించాడు. మిరప మోళ్లకు ఎవరూ పోటీ రారు, గట్ల మీద పడి ఉంటాయి. వాటిని ముక్కలు కొట్టించి గోతాలకు ఎత్తించాడు. ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్లి నేను ఒక గోతాంలో చెయ్యి పెట్టి చూశాను. చివరి కోతకు అందక మొక్కకే ఎండిపోయిన కాయలు, తెల్లబారిన తాలు కాయలు ముక్కలతో పాటే గలగలలాడుతున్నాయి.

"బాబాయ్, ఇది మిరప కట్టె. కాయలు ఏరించారా?"

"కట్టె ఏదైతేనేం, మండుతుంది. నువ్వు కాస్త పక్కకు జరుగు, ఫోటో తీస్తున్నారు."

జరిగాను. అందుకే ఆ ఫోటోలో కూడా నేను లేను.

సార్ అప్పటికి ఇంజన్ వెనకాల పైపు బిగించుకుంటున్నారు, గోతాలు విప్పడం చూడలేదు. డ్రమ్ములో కట్టె పోశారు. నిప్పు పెట్టారు, గాలి ఊదే పంఖా తిప్పారు. మంచి గ్యాసు వచ్చేదాకా మొదట కాసేపు పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ పొగ లేచి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, తిన్నగా షామియానా కిందికి దిగింది.

ఎమ్మెల్యే గారు అప్పుడే మైకు ముందుకు వచ్చారు. మనం వాడే డీజిలంతా పరాయి దేశాల నుంచి వస్తోందని, ఇక మన చేలల్లోనే పండుతుందని చెప్పడం మొదలుపెట్టారు. రెండో వాక్యానికి పొలమారింది. మూడో వాక్యం మైకులో దగ్గుగా వినిపించింది. ఆ తర్వాత వేదిక మీద అందరూ దగ్గారు, వేదిక కింద అందరూ దగ్గారు. ముక్కులు, కళ్లు కారుతుంటే కండువాలు, పమిటలు అడ్డం పెట్టుకుని ఎటు పరిగెత్తాలో తెలియక ఒకరినొకరు తోసుకున్నారు. మా ఎదురింటి పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూనే అంది: "ఊరందరికీ ఒక్కసారే దిష్టి తీశాడే సర్పంచి."

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేలే పిన్నీ" అన్నారు పక్కనున్నవాళ్లు.

నవ్వితే ఇంకా దగ్గొచ్చింది. ఎమ్మెల్యే గారి కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. వేయాల్సిన దండ బల్ల మీదే ఉండిపోయింది. సార్ పరిగెత్తుకొచ్చి పంఖా ఆపించారు. గోతాం తిరగేసి చూసి, "ఇందులో మిరపకాయలు ఎవరు వేశారండీ?" అని అడిగారు. బాబాయి వేలు నా వైపు తిరిగింది. ఆయన అన్నాడు: "మీటింగులోనే ఈవిడ అపశకునం మాట అంది. అప్పుడే అనుకున్నా."

షెడ్డుకు తాళం పడింది. తాళం చెవి బాబాయి బనీను జేబులోకి వెళ్లింది. ఊళ్లో చెప్పుకున్న మాట ఏమిటంటే, కట్టెతో నడిచే ఇంజన్ మనకు పనికిరాదు, మెంబరమ్మ నోరు మంచిది కాదు.

ఇలాంటి మాట పడ్డాక నాకు తోచే పని ఒకటే, అర్జీ రాయడం. సత్తెనపల్లి మండలాఫీసుకు రాశాను. గుమస్తా చదవకుండానే "సర్పంచ్ గారి సంతకం ఏదమ్మా?" అన్నాడు. షెడ్డు తాళం తీయని సర్పంచ్ మీద అర్జీకి సర్పంచ్ సంతకం ఎలా వస్తుందని అడిగాను. "అదంతా నాకు తెలీదు, రూలు" అన్నాడు. మళ్లీ రాశాను. మూడోసారి రాశాను. ప్రతిదానికీ కార్బన్ నకలు తీసి, వెనకాల తేదీ వేసి ట్రంకుపెట్టెలో పెట్టాను. మా ఆయన చూసి, "పట్టు చీరల కింద పెట్టు, చెదలు పట్టవు" అన్నాడు. ఆయన వేళాకోళం ఎప్పుడూ ఇంత మెత్తగానే ఉంటుంది, తిట్టడానికి వీలుండదు.

చివరికి గుంటూరు వెళ్లి కాలేజీలో ఆ సార్‌ని కలిశాను. ఆయన లేచి కుర్చీ వేశారు. దాన్ని కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. "యంత్రంలో లోపం లేదమ్మా" అన్నారు. "కట్టె ఇచ్చేది ఎవరో మీరు తేల్చుకోండి. కబురు చేస్తే నేను మళ్లీ వస్తాను." టీ తెప్పించారు. మా ఊళ్లో ఆయనకు కాఫీ అందని సంగతి గుర్తొచ్చింది, అయినా ఆ టీ తాగాను.

ఒక ఆదివారం పొద్దున ట్యాంకు కింద ఆడవాళ్లం కూర్చున్నాం. కట్టె మన దగ్గరే ఉంది, ఇద్దామా అన్నాను.

"నీళ్లొస్తే మోపు కట్టెకేముంది?" అంది ఎదురింటి పెద్దావిడ. "ఇంటికొక మోపు వంతులేసుకుని ఇద్దాం. పొయ్యికేం తక్కువ కాదు. కానీ తాళం చెవి మన దగ్గరుండాలి. లేకపోతే కట్టె మనది, నీళ్లు వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు."

"పొద్దున ఆరింటికి వదలాలి" అంది ఇంకొకామె. "తొమ్మిదింటికి వదిలే నీళ్లతో కాకులు స్నానాలు చేస్తాయి."

మేం తేల్చుకున్నాం గానీ బాబాయి తాళం తీయడే. పనులన్నీ ఒక పక్కన ఆగి ఉండగా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎండలు నడినెత్తిన ఉన్న రోజులు. కొత్తది ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అన్నారు. పెద్ద ఇళ్ల బోర్లు కూడా మూగబోయాయి. ఇంజన్‌ని ఉత్త డీజిల్ మీద నడపడానికి పంచాయతీలో డబ్బు లేదు, ఊరి చివర చేతిపంపు ఒక్కటే మిగిలింది. నాలుగో రోజు సర్పంచ్ గారి భార్య, నాకు పిన్ని అవుతుంది, ఇత్తడి బిందె పట్టుకుని వరసలో నా వెనక నిలబడింది. ఆవిడ పంపు కొట్టడం నేను అంతవరకూ చూడలేదు.

"ఏమే, నన్ను ముందు పట్టుకోనిస్తావా?"

"వరస పిన్నీ."

ఆవిడ బిందె కింద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "మీ బాబాయికి అడగడం నామోషీ."

"ఇవ్వడం మాకు నామోషీ కాదు. వచ్చి అడిగితే చాలు."

ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాడు సాయంత్రం బాబాయి మా వీధికి వచ్చాడు. పెద్దావిడ అరుగు ముందు నిలబడి, మెడ గోక్కుంటూ, "కట్టె కాస్త కావాలమ్మా, ఇంజన్‌కి" అన్నాడు. పెద్దావిడ ఆకు వక్క పక్కన పెట్టి, లేచి నిలబడి, "అడగాలా ఇంతోటి దానికి, కూర్చో అయ్యా" అంది. ఆయనే వచ్చి అడగాలని ఇన్నాళ్లూ పట్టుబట్టి కూర్చున్నది ఆవిడే. నేను నవ్వు ఆపుకున్నాను.

కట్టె ఇచ్చే ముందు తీర్మానం రాయాలన్నాను. పంచాయతీ మళ్లీ కూర్చుంది. నేను బీరువా పక్కనుంచే చెప్పాను, కార్యదర్శి రాశాడు. పత్తికట్టె పీకినవారిదే. ఊరి ఇంజన్‌కు వాళ్లు వంతుల ప్రకారం కట్టె ఇస్తారు. షెడ్డు తాళం చెవి కట్టె ఇచ్చేవాళ్ల దగ్గర ఉంటుంది. నీళ్లు పొద్దున ఆరింటికి వదలాలి.

బావ ఒప్పుకోలేదు. "ఇవాళ కట్టె మాదంటారు. రేపు చేను మాదంటారు."

"చేను పీకితే ఊడిరాదులే బావా" అన్నాను. "వస్తే అప్పుడు చూద్దాం."

ఈసారి గది నవ్వింది నా పక్షాన. బాబాయి కలం తీసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత మిగతావాళ్లు. వాళ్లకు పత్తికట్టె మీద ప్రేమ కొత్తగా పుట్టలేదు. అయిదారు రోజులు చేతిపంపు నీళ్లు మోసినవాళ్ల ముఖాలవి. నీళ్లు తమ ఇంట్లో కూడా ఆగిపోతే ఎంత త్వరగా సంతకాలు పడతాయో ఆ రోజు చూశాను.

రెండోసారి ప్రారంభానికి షామియానా లేదు, పలక లేదు. సార్ బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చారు. మేం కొట్టి ఎండబెట్టిన పత్తికట్టె ముక్కలు రెండు గోతాలు పోశాం. పొగ తెల్లగా లేచి పలచబడింది. చిన్న గొట్టం దగ్గర సార్ అగ్గిపుల్ల గీస్తే నీలం మంట వెలిగింది. ఆయన గ్యాసు వదిలే చక్రం తిప్పగానే డీజిల్ మీద నడుస్తున్న ఇంజన్ గొంతు మారింది. అంతదాకా కసురుకుంటున్నట్టు కొట్టుకునేది కాస్త కుదుటపడింది. ఖాళీ ట్యాంకు అడుగున నీళ్లు దబదబా పడే చప్పుడు ఊరంతా విన్నది. ఆ రోజు సార్‌కు మా ఇంట్లో కాఫీ ఇచ్చాను, రెండు గ్లాసులు.

ఆ వేసవంతా, ఆ తర్వాత వరసగా కొన్ని వేసవులు, బిందెలు నింపుకున్నాకే కోతలకు వెళ్లాం. పని లేకుండా మాత్రం కాదు. వారానికోసారి డ్రమ్ము అడుగున మసి, తారు గీకాలి. వంతు తప్పించుకునే ఇళ్లు ఉండేవి, అవి ఏ ఇళ్లో నాకు తెలుసు. పంపు నడిపే మనిషిది, కట్టె తడిగా ఉందని రోజూ ఒక గొణుగుడు. అయినా పొద్దున్నే ఆ ఇంజన్ చప్పుడు వింటే నాకు ఒంట్లో హాయిగా ఉండేది. కుర్చీ మాత్రం నా పదవి అయిపోయే దాకా వేయలేదు.

తర్వాత ఊరికి కొత్త లైను వచ్చింది, కరెంటు నిలకడగా రావడం మొదలైంది, ఇంజన్ విశ్రాంతి తీసుకుంది. ఆ కరెంటు ఎక్కడో బొగ్గు కాల్చితే వస్తుందని సార్ చెప్పారు. మేం చేలో కట్టె కాల్చి తెచ్చుకున్న నీళ్లకు అధికారులు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, బొగ్గుతో వచ్చిన లైనుకు మాత్రం రిబ్బను కత్తిరించారు. ఆ సభకూ నన్ను పిలవలేదు.

ఓ రెండు మూడేళ్లకు పత్తి మోళ్ల కాలంలో ఊళ్లోకి లారీ ఒకటి వచ్చింది. పంటకట్టె కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టారట, దానికి కట్టె కొనే ఏజెంటు దిగాడు. బావ తన చేలో కట్టెకు వాడితో బేరం కుదుర్చుకున్నాడు. మేం సగం చేను పీకి మోపులు కట్టి ఉన్నాం. ఏజెంటు మోపులు లారీకి ఎత్తించబోతే ఆడవాళ్లు మోపుల మీద కూర్చున్నారు. ఎదురింటి పెద్దావిడ నన్ను కేకేసింది: "మెంబరమ్మా, ఆ కాగితం పట్రా."

నేను మెంబరు పదవి దిగి అప్పటికి చాలాకాలం. ట్రంకుపెట్టె తీసి, పట్టు చీరల కింద నుంచి తీర్మానం నకలు తెచ్చాను. ఏజెంటు నిలబడి మొత్తం చదివాడు. పంచాయతీ ముద్ర చూశాడు. "అయితే నేను బేరం మీతో ఆడాలన్నమాట" అన్నాడు మోపుల మీద కూర్చున్నవాళ్లతో.

"కూర్చుని ఆడు. మాకు తొందరేం లేదు" అంది పెద్దావిడ. బావ చెట్టు నీడకు వెళ్లి నిలబడ్డాడు. ఆ ఏడాది నుంచి పొయ్యికి సరిపడా ఉంచుకుని మిగతా కట్టె పీకినవాళ్లే అమ్ముకుంటున్నారు.

ఏజెంటు కాగితం తిరిగి ఇస్తూ అడిగాడు: "ఇది ప్రతిపాదించింది మీరేనా అండి? మీ పేరు కనపడలేదు."

అప్పుడు చూశాను. చివరి వరసలో, ప్రతిపాదించినవారు అన్న చోట, మా ఆయన పేరు రాసి, పక్కన 'గారి భార్య' అని ఉంది. అన్నేళ్లూ నకలు నా పెట్టెలోనే ఉంది, ఆ వరస నేను సరిగా చదవనేలేదు. మా ఆయన ఆ సాయంత్రం విని, "నా పేరు రాళ్ల మీదా లేదు, కాగితాల మీదా లేదనుకుంటున్నా. ఇక్కడన్నా ఉంది" అన్నాడు సంతోషంగా.

రికార్డు సరిచేయమని అర్జీ పెట్టాను. కొత్త సర్పంచ్ చూస్తానన్నాడు. ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశాను. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాను.